మొదటి వేటవిల్లు ఎంపిక

గురిపోటీల విల్లుకన్నా పొట్టిగా ఉండి, పొదల మధ్య మోసుకెళ్లడానికి వీలుగా, బాణాన్ని ఎక్కువ ఊపుతో వదిలేలా చేసిన విల్లును వేటవిల్లు అంటారు. విలువిద్యలో కొత్తగా అడుగుపెట్టేవారి కళ్లు ముందుగా దీనిమీదే పడతాయి. అయితే పొట్టి విల్లును పట్టిన చేయి కొంచెం వణికినా బాణం గురి తప్పుతుంది. అందుకే మొదటి విల్లును ఎంచుకునేటప్పుడు దాని బలంకంటే విలుకాడి ఒంటి కొలతలే ముఖ్యం.

కొలతలకన్నా ముందు చట్టం సంగతి తెలియాలి. కర్నూలు జిల్లా పడమటి వైపు మద్దికెర, ఆలూరు, ఆదోని ప్రాంతాల్లో కృష్ణజింకలు గుంపులుగా చేలల్లో పడి మొలకలు మేసేస్తాయి. రైతు పడే నష్టం చిన్నది కాదు. అయినా వాటిపై బాణం వేయడం నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న కృష్ణజింకను చంపితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు శిక్ష, దాంతోపాటు 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి. అడవిపంది, కుందేలు కూడా చట్టం రక్షణలో ఉన్నవే. తరతరాలుగా విల్లంబులతో బతికిన నల్లమల చెంచులకు సైతం ఇందులో మినహాయింపు లేదు. అహోబిలం పారువేట ఉత్సవంలో వారు స్వామి పల్లకీ వైపు బాణం వేసే ఆచారం మాత్రం నేటికీ సాగుతోంది. బ్రిటన్‌లో విల్లుతో వేటాడటం పూర్తిగా నిషిద్ధం. అమెరికాలో లైసెన్సు తీసుకుని, అనుమతించిన కాలంలోనే వేటాడాలి. కాబట్టి ఇక్కడ కొనే వేటవిల్లు ఏ రకమైనా దాని గురి అట్టమీద గీసిన వలయాలే.

విల్లు రకాలు ప్రధానంగా మూడు. లాంగ్‌బో నిలువెత్తు బద్దలా ఉంటుంది. చూడటానికి అందంగా ఉన్నా దానితో నేర్చుకోవడం కష్టం. రికర్వ్ విల్లు కొనలు విలుకాడికి ఎదురుగా, అంటే ముందుకు వంగి ఉంటాయి. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దూరం నుంచి వేసేది దీనితోనే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో విజయవాడ విలుకాడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు విభాగంలో నాలుగో స్థానం దాకా వెళ్లింది ఈ విల్లుతోనే.

మూడోది కాంపౌండ్. అమెరికాకు చెందిన హాలెస్ విల్బర్ ఆలెన్ దీనికి 1969లో పేటెంట్ పొందాడు. రెండు చివర్లా ఉండే చక్రాల వల్ల నారిని పూర్తిగా లాగాక చేతిమీద బరువు ఒక్కసారిగా తగ్గిపోతుంది. లాగడానికి 60 పౌండ్ల బలం కావాల్సిన విల్లులో 75 శాతం తగ్గింపు ఉంటే, గురి చూసేటప్పుడు వేళ్లు మోసేది 15 పౌండ్లే. విజయవాడకే చెందిన వెన్నం జ్యోతి సురేఖ ఈ విల్లుతోనే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. కాకపోతే కాంపౌండ్ ధర ఎక్కువ. నారి మార్చాలన్నా, చక్రాలు సరిచేయాలన్నా తగిన పనిముట్టు, అది తెలిసిన మనిషి కావాలి. ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లలో ఉండేవారు కొనేముందే దీన్ని ఆలోచించుకోవాలి. విడదీసి కలిపే రికర్వ్‌కు ఈ ఇబ్బంది తక్కువ. దాని పిడిని అలాగే ఉంచి, బలం పెరిగేకొద్దీ దానికి పైనా కిందా బిగించే కొమ్ములు మాత్రం కొత్తవి కొనుక్కోవచ్చు.

రకం తేలాక కన్ను చూసుకోవాలి. చేతులు ముందుకు చాచి, వేళ్ల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న వస్తువును రెండు కళ్లతో అందులోంచి చూడాలి. తర్వాత ఒక్కో కన్ను మూయాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే నిలుస్తుందో అదే బలమైన కన్ను. అది కుడికన్నైతే ఎడమచేత్తో విల్లు పట్టి కుడిచేత్తో లాగే విల్లు కొనాలి.

తర్వాతది లాగుడు పొడవు. రెండు చేతులూ బార చాచి, ఒక చేతి నడివేలి కొన నుంచి మరో చేతి నడివేలి కొన వరకు అంగుళాల్లో కొలిచి 2.5తో భాగిస్తే సుమారు లెక్క వస్తుంది. 66 అంగుళాల బారకు అది 26.4 అంగుళాలు. కాంపౌండ్‌లో ఈ పొడవు విల్లులోనే బిగించి ఉంటుంది కాబట్టి తేడా వస్తే సరిచేయించాలి; సరిచేయడం కుదరని విల్లు పనికిరాదు. రికర్వ్‌మీద రాసే పౌండ్లు 28 అంగుళాలు లాగినప్పటివి. ఒక అంగుళం తగ్గితే రెండు పౌండ్లకు పైగా తగ్గుతుంది. అంటే 30 పౌండ్లని రాసిన విల్లు పై కొలత మనిషి చేతిలో 26, 27 పౌండ్లే ఇస్తుంది.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఈ పౌండ్ల దగ్గరే. పొలం పనిచేసి కండ పెరిగిన యువకుడు 45 పౌండ్ల విల్లును అనాయాసంగా రెండుసార్లు లాగి కొనేస్తాడు. విల్లు లాగేటప్పుడు పనిచేసేవి రెక్కల వెనక, వీపుమీద ఉండే కండరాలు. రోజూ చేసే పనుల్లో వాటికి ఇలాంటి అలవాటు ఉండదు. ఇరవై బాణాలు వేసేసరికి భుజం పైకి లేస్తుంది, విల్లు పట్టిన చేయి కుంగుతుంది, వేళ్లు ముందే జారవిడుస్తాయి. ఆ తప్పు అలవాటైతే తేలికైన విల్లుకు మారినా పోదు. భుజం కీలుకు దెబ్బ తగిలే ప్రమాదమూ ఉంది. పెద్దవారికి 20 నుంచి 26 పౌండ్లు, పిల్లలకు 10 నుంచి 16 పౌండ్లు మొదలుపెట్టడానికి చాలు. కుర్చీలో కూర్చుని, పాదాలు నేలనుంచి ఎత్తి, ఊగకుండా నారిని పూర్తిగా లాగి కొన్ని క్షణాలు నిలపగలిగితే ఆ విల్లు సరిపోయినట్టే. తర్వాత రెండు నుంచి నాలుగు పౌండ్ల చొప్పున పెంచుకోవాలి.

బాణం కూడా విల్లుకు తగినదై ఉండాలి. దాని బిరుసును ఒక అంకెతో చెబుతారు. 500 అంటే 28 అంగుళాల ఎడంలో రెండు ఆనికల మీద పెట్టి నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగుతుందని అర్థం. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. పాతిక పౌండ్ల విల్లుకు సాధారణంగా 700 నుంచి 900 మధ్య బాణాలు నప్పుతాయి. బాణం లాగుడు పొడవుకన్నా ఒకటి రెండు అంగుళాలు ఎక్కువే ఉండాలి. పొట్టిదైతే పిడి వెనక్కి జారి చేతికి గుచ్చుకుంటుంది.

బాణం పెట్టకుండా నారి లాగి వదలకూడదు. బాణానికి అందాల్సిన శక్తి కొమ్ముల్లోకే తిరిగి వచ్చి అవి పగిలిపోవచ్చు. 40 డిగ్రీలు దాటే కర్నూలు ఎండాకాలంలో విల్లును మూసిన కారులో వదిలేస్తే కొమ్ముల పొరల మధ్య జిగురు ఊడిపోవచ్చు. ఇక బీళ్లలో గురి పెట్టేవారు అట్ట వెనక ఎత్తైన మట్టికట్ట ఉందో లేదో, ఆ వైపు గొర్రెల కాపరులు తిరుగుతున్నారేమో చూసుకున్నాకే నారి లాగాలి.

డబ్బు పరిమితంగా ఉన్నవారికి 62 నుంచి 68 అంగుళాల పొడవున్న, విడదీసి కలిపే, పాతిక పౌండ్ల రికర్వే మేలు. మిగిలిన డబ్బుతో ఆరు సరైన బాణాలు, ముంజేతి కవచం, వేళ్లకు తోలుపట్టీ, నారి ఎక్కించే తాడు కొనుక్కోవచ్చు.