పసుపెక్కే ఆకు ఏం పని చేస్తోంది?

‘‘కొత్తిమీర కట్ట ఫ్రిజ్‌లోనే పెడుతున్నాను. అయినా నాలుగు రోజులు తిరక్కుండా పసుపెక్కుతోంది. అదే అరలో పెట్టిన బేసిల్ ఆకులేమో నల్లబడుతున్నాయి. రెండూ పాడవడమే కదా, మరి రంగులు వేరెందుకు?’’ అని ఒక పాఠకురాలు రాశారు. ఎంత మంచి ప్రశ్న! నల్లబడిన ఆకులో కణాలు చచ్చిపోయాయి. పసుపెక్కుతున్న ఆకు మాత్రం బతికే ఉంది, పైగా జీవితంలో అతి కష్టమైన పని అప్పుడే చేస్తోంది. ఈ నెల ఆ పని గురించే.

ముందు మామూలు సంగతులు. కోసిన ఆకు కూడా శ్వాసిస్తుంది. ఉన్న చక్కెరలను ఖర్చుపెట్టుకుంటుంది. చలిలో ఆ ఖర్చు తగ్గుతుంది. నీరు పోతే వాడుతుంది, తడి నిలిస్తే బాక్టీరియా చేరి కుళ్ళుతుంది. ఇవి అందరికీ తెలిసినవే కనుక వదిలేద్దాం.

కొత్తిమీర ఏడాది తిరక్కుండానే బతుకు ముగించే మొక్క. పూత మొదలైతే దాని సంపాదనంతా ధనియాలకే. గింజ కట్టడానికి నత్రజని కావాలి. ఆకులోని నత్రజనిలో దాదాపు ముప్పాతిక వంతు హరితరేణువుల్లో ఉంటుంది, అందులో ఎక్కువ భాగం మాంసకృత్తుల రూపంలోనే. అందుకని ముదురాకులు ఆ మాంసకృత్తులను అమైనో ఆమ్లాలుగా విడగొట్టి పైకి పంపేస్తాయి. కట్టలోని ఆకుకు తాను బజారుకొచ్చిన సంగతి తెలియదు. చీకటి, చక్కెరల కొరత, ఇంకా కొన్ని రసాయన సంకేతాలు కలిసేసరికి తన కాలం తీరిందని అదే పని మొదలుపెడుతుంది. అంచుల్లోని ముదురాకులు పసుపెక్కినా నడిమి చిగురు పచ్చగా ఉండటం మీరు చూసే ఉంటారు.

ఇక్కడో చిక్కుంది. మాంసకృత్తులను విప్పితే వాటిని అంటిపెట్టుకున్న పత్రహరితం విడిపోతుంది. విడిగా ఉన్న పత్రహరితం ప్రమాదకరం. అది వెలుతురును పట్టుకుని ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది, ఆ ఆక్సిజన్ కణం పొరలను కాల్చేస్తుంది. దూలాల కోసం పాత ఇల్లు విప్పేవాళ్ళు ముందు కరెంటు తీగ తీయించినట్టు, ఆకు ముందుగా పత్రహరితాన్ని నిర్వీర్యం చెయ్యాలి. పత్రహరితంలోనూ నాలుగు నత్రజని పరమాణువులు ఉన్నాయి గానీ, ఆకుకు వాటి మీద ఆశ లేదు. అవి చివరిదాకా ఆకులోనే ఉండిపోతాయి. ఆకుపచ్చ పోయాక కనిపించే పసుపు కొత్తగా పుట్టిందీ కాదు. ఆకులో మొదటినుంచీ ఉన్న కెరోటినాయిడ్లు అప్పటికి బయటపడతాయి, అంతే.

మరి ఆకు పత్రహరితాన్ని ఎలా విరగ్గొడుతుంది? ఈ ప్రశ్న దగ్గర మహామహులే పొరబడ్డారు. పత్రహరితం అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు, ఒక పక్కన పొడవాటి తోక ఉంటాయి. ఆకు వర్ణద్రవ్యాల మీద కృషికి 1915లో నోబెల్ బహుమతి పొందిన రిచర్డ్ విల్‌స్టాటర్, తన శిష్యుడు స్టోల్‌తో కలిసి ఆ తోకను కత్తిరించే ఎంజైమును గుర్తించాడు. పేరు క్లోరోఫిల్లేజ్. ఆకు మొదట తోక కత్తిరిస్తుందని, మెగ్నీషియం తర్వాత పోతుందని దాదాపు తొంభై ఏళ్ళు పాఠ్యగ్రంథాలు రాసుకున్నాయి. 2007లో అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో క్లోరోఫిల్లేజ్ జన్యువులను పనిచెయ్యకుండా చేసి చూస్తే, ఆకులు చక్కగా పసుపెక్కాయి! 2009లో అసలు కత్తెర దొరికింది. ఆ ఎంజైము మెగ్నీషియం పోయిన అణువునే ముట్టుకుంటుంది. అంటే ముందు పోయేది మెగ్నీషియమే.

రెండో పొరపాటు ఇంకా విచిత్రం. ఆకుపచ్చ మాయమయ్యాక మిగిలే శకలాలకు ఏదో ఒక రంగు ఉంటుందనుకుని దశాబ్దాలపాటు వెతికారు. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడానికి కారణం, ఆఖరున మిగిలేవి రంగులేని పదార్థాలు కావడం. అవి కణంలోని రిక్తికలో మూలన పడి ఉంటాయి. 1991లో మాటీల్, క్రాయిట్లర్ బృందం బార్లీ ఆకుల నుంచి అలాంటి ఒక పదార్థాన్ని పట్టుకుని దాని నిర్మాణం తేల్చింది. ప్రతి ఏటా భూమ్మీద అన్ని అడవుల్లో, అన్ని పొలాల్లో జరిగే మార్పు ఆనవాళ్ళు అంతదాకా ఎవరికీ చిక్కలేదు!

ఇక మెగ్నీషియాన్ని ఊడబెరికేది ఎవరు? దానికి జవాబు పదో తరగతి జీవశాస్త్రంలో ఉంది. 1866లో అచ్చయిన మెండెల్ వ్యాసంలోని పసుపు, ఆకుపచ్చ బఠాణీలు గుర్తున్నాయా? పసుపు బహిర్గతం, ఆకుపచ్చ అంతర్గతం అని వల్లెవేశాం. ఆ ఆకుపచ్చ గింజ ఎందుకు ఆకుపచ్చగా ఉంటుందో మాత్రం మనకెవరూ చెప్పలేదు. ముదిరే వేళ పత్రహరితాన్ని విరగ్గొట్టగలిగితే గింజ పసుపు, విరగ్గొట్టలేకపోతే ఆకుపచ్చ. ఆ తేడా ‘స్టే గ్రీన్’ అనే జన్యువులో ఉందని 2007లో తేలింది. అది తయారుచేసే మాంసకృత్తే మెగ్నీషియాన్ని తీసేస్తుందని 2016లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు నిరూపించారు. మెండెల్ లెక్కపెట్టిన తేడాకు కారణమైన రసాయన చర్య తెలియడానికి సరిగ్గా నూట యాభై ఏళ్ళు పట్టింది! మీ ఫ్రిజ్‌లోని కొత్తిమీరలో పనిచేసేదీ ఆ కుటుంబపు జన్యువే.

ఎంజైము లేకుండానూ ఈ మొదటి మెట్టు జరుగుతుంది. గోంగూర ఉడికేటప్పుడు పచ్చదనం పోయి బూడిదాకుపచ్చకు తిరగడం చూస్తాం కదా, అక్కడ ఆకులోని పులుపే మెగ్నీషియాన్ని తోసేస్తుంది. అయితే కథ అక్కడే ఆగిపోతుంది, ఉడికిన ఆకు పసుపెక్కదు. మిగతా మెట్లు దిగడానికి బతికున్న కణం కావాలి.

ఈ జన్యువు దెబ్బతిన్న మొక్కల ఆకులు ముసలితనంలోనూ పచ్చగా ఉంటాయి గానీ, లోపల కిరణజన్య సంయోగక్రియ సన్నగిల్లిపోయే ఉంటుంది. కాబట్టి పచ్చదనం ఒక్కటే తాజాదనానికి రుజువు కాదు.

విప్పుడు పనిని తొందరపెట్టేది ఎథిలీన్ వాయువు. పండే ఆపిల్ నుంచి వచ్చేది ఆ వాయువేనని 1934లో రిచర్డ్ గేన్ రుజువు చేశాడు. పనిని ఆపేవి సైటోకైనిన్లు. ఇవి ఎక్కువగా వేళ్ళలో తయారవుతాయి. 1957లో రిచ్‌మండ్, లాంగ్ అనే ఇద్దరు, తెంపిన మరులమాతంగి ఆకులకు కైనెటిన్ అనే సైటోకైనిన్ ఇచ్చి, పసుపెక్కడం ఆలస్యమవుతుందని చూపించారు. బట్టలకు ముళ్ళకాయలు అంటించే ఆ గట్టు మొక్క జీవశాస్త్రానికి చేసిన ఉపకారం ఇది.

వంటింటి సంగతి కూడా చెప్పాలి కనుక చెబుతాను. కొత్తిమీర, పుదీనాలను ఆపిల్, మామిడి, అరటిపళ్ళతో ఒకే అరలో పెట్టకండి. ఫ్రిజ్ కంపెనీలు పళ్ళకూ ఆకులకూ కలిపి ఒకే సొరుగు ఎందుకిస్తాయో నాకెప్పటికీ మింగుడుపడదు. నలిగిన, పసుపెక్కిన ఆకులు ఏరెయ్యండి, దెబ్బతిన్న ఆకు కూడా ఎథిలీన్ వదులుతుంది. కాడలు మునిగేలా గ్లాసులో కాసిని నీళ్ళు పోసి, పైన వదులుగా సంచి కప్పి చలిలో పెడితే చాలా రోజులు ఉంటాయి. బేసిల్‌కు చలి పడదు. సుమారు పది డిగ్రీల కన్నా తగ్గితే దాని కణాల పొరలు చెడి, విడివిడిగా ఉండాల్సిన ఎంజైములూ ఫినాల్సూ కలిసి ఆకు నల్లబడుతుంది. దాన్ని గ్లాసు నీళ్ళలో గట్టు మీదే ఉంచండి. కరివేపాకును తడి లేకుండా డబ్బాలో గడ్డకట్టించినా నల్లబడచ్చు, తాలింపుకు మాత్రం పనికొస్తుంది.

కొత్తిమీరను ఎండబెట్టి దాచడం మాత్రం దండగ. దాని వాసనకు మూలమైన ఆల్డిహైడ్లు ఎండలో ఎగిరిపోతాయి. మిగిలిపోతుందనుకుంటే కొంచెం నూనెతో రుబ్బి ఐసు ట్రేలో గడ్డకట్టించండి.