మీకు తెలుసా? అగ్గిపెట్టెంత పెట్టెలో కారు పగ్గాలు

పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో 2025 నుంచి ఎలక్ట్రిక్ కారు కూడా తయారవుతోంది. దాని మోటారుకు ఎంత కరెంటు పోవాలో తేల్చేది ఒక ఎలక్ట్రానిక్ పెట్టె. హిందూపురం–ధర్మవరం పట్టాల మీద పోయే త్రీఫేజ్ ఎలక్ట్రిక్ ఇంజన్లదీ అదే తంతు. రిమోట్ బొమ్మకారులో ఆ పని చేసేది అగ్గిపెట్టెంత స్పీడ్ కంట్రోలర్. మోటారుకు పోయే కరెంటును సెకనుకు వందలు, వేలసార్లు కలిపి తెంచుతుంది. కలిపి ఉంచే సమయం పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది.

కొత్తవాటికి బటన్ నొక్కితే చాలు, రిమోట్ సంకేతాలను అవే గుర్తుపెట్టుకుంటాయి. 1980ల నాటి కంట్రోలర్లకు అంత తెలివి లేదు. చాలావాటికి గడియారాల స్క్రూడ్రైవర్ పట్టేంత చిన్న మరలు రెండు ఉంటాయి: ఒకటి న్యూట్రల్‌కు, ఇంకొకటి పూర్తి వేగానికి. మొదట చక్రాలేవీ నేలకు తగలకుండా కారును ఎత్తిపెట్టాలి. ముందుగా రిమోట్, తర్వాతే కారు ఆన్ చేయాలి. రిమోట్ ట్రిగ్గర్ వదిలేసి, మోటారు గుర్రుమనడం మానేదాకా మొదటి మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. తర్వాత ట్రిగ్గర్ పూర్తిగా లాగి రెండోది సరిచేయాలి. చాలావాటిలో చిన్న లైటు వెలిగి కుదిరిందని చెబుతుంది. ఓపిక లేనివాళ్ల పని కాదిది!

ఈ పాత కంట్రోలర్లు 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీల కోసం పుట్టినవి. లిథియం సెల్ 3 వోల్టులకు దిగితే ఆపే ఏర్పాటు వీటిలో లేదు. కాబట్టి లిథియం ప్యాక్ పెట్టేవాళ్లు విడిగా అలారం తగిలించుకోండి.