పెన్నలో పడేసిన కవరు ఎక్కడికి పోతుంది?



మన జిల్లాకు సముద్రం లేదు. అయినా జమ్మలమడుగు, ప్రొద్దుటూరులలో మనం చూసే పెన్న మొత్తం 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పులివెందుల వైపు చిత్రావతి కూడా గండికోట వద్ద పెన్నలోకే చేరుతుంది.

ఏటా జనవరి నుంచి మార్చి వరకు ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంత తవ్వి వంద దాకా గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు వాటిని తినేస్తాయి. అందుకే అటవీ శాఖ, 2002లో మొదలైన ట్రీ ఫౌండేషన్ వంటి సంస్థలు మత్స్యకార యువకులనే కాపలాదారులుగా తీర్చిదిద్దాయి. వారు తెల్లవారకముందే గుడ్లు సేకరించి, కంచె వేసిన హేచరీలో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వాటిని నీళ్లలోకి వదిలేటప్పుడు బడి పిల్లలనూ పిలుస్తారు. వలలో తాబేలు చిక్కితే విడిపించమని ఇంట్లో నాన్నకు చెప్పగలిగేది ఆ పిల్లలే.

మరి మన పిల్లలు? తాబేలు జెల్లీఫిష్‌ను తింటుంది. నీటిలో తేలే ప్లాస్టిక్ కవరు దానికి అలాగే కనిపిస్తుంది. ఎండిన పెన్నలో పారేసిన కవరు వరద వచ్చేదాకా అక్కడే ఉంటుంది. జలాశయాల్లో కొంత ఆగినా, గేట్లు ఎత్తినప్పుడు మిగతాది కిందికి పోతుంది.

ఈ నెల ఇంట్లో ఇలా చేయండి:
• మ్యాపులో మీ ఊరి నుంచి ఊటుకూరు దాకా నది దారిని పిల్లలతో గీయించండి.
• వారం రోజులు ఇంటికొచ్చిన కవర్లు లెక్క రాయించండి.
• మరుసటి వారం అంగడికి గుడ్డ సంచి తీసుకెళ్లి, లెక్క ఎంత తగ్గిందో కలిసి చూడండి.