తాకకుండా నాడి చూసే కెమెరా

వార్డులో నాలుగు గంటలకోసారి సిస్టర్ వచ్చి, నిండా ఒక నిమిషం పాటు రోగి ఊపిరి లెక్కపెడుతుందనుకుందాం. అంటే రోజుకు ఆరు నిమిషాలు. మిగతా 1,434 నిమిషాల లెక్క ఎక్కడా రాసి ఉండదు. ఆ ఖాళీ నింపడానికే మంచం పైన కెమెరా పెట్టడం.

ముఖం చూస్తే నాడి ఎలా తెలుస్తుంది? గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింది సన్నటి నాళాల్లోకి రక్తం కాస్త ఎక్కువ చేరుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆకుపచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది. దాంతో నుదుటి నుంచి తిరిగొచ్చే ఆ వెలుగు పిసరంత తగ్గుతుంది. మన కంటికి ఆ తేడా ఆనదు. సెకనుకు 30 బొమ్మలు తీసే కెమెరాకైతే, నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె ఒక్కో దెబ్బకు 25 బొమ్మలు దొరుకుతాయి. గది వెలుతురులో మామూలు కెమెరాతోనే ఇది కుదురుతుందని 2008లో పరిశోధకులు చూపించారు.

ఇంత చిన్న తేడాను నమ్మొచ్చా? ఒక్క పిక్సెల్‌ను, అంటే బొమ్మలోని ఒక్క చుక్కను చూసి నమ్మలేం. నుదుటి మీద 10,000 చుక్కల సగటు తీస్తే, దేనికది తోచినట్టు మారే గజిబిజి దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. నాడి వల్ల వచ్చే మార్పు అన్ని చుక్కల్లోనూ ఒకేసారి వస్తుంది కాబట్టి అది మిగులుతుంది.

నాడి సంగతి అలా ఉంచితే, నా దృష్టిలో ఈ కెమెరా అసలు ఉపయోగం ఊపిరి లెక్కలోనే ఉంది. ఛాతీ లేచి పడటం చూసి అది లెక్కపెడుతుంది. బ్రిటన్ ఆసుపత్రులు వాడే హెచ్చరిక పట్టికలో నిమిషానికి 12 నుంచి 20 ఊపిర్లుంటే సున్నా మార్కు, 21కు చేరితే 2, 25కు చేరితే 3. మార్కు పెరిగిన కొద్దీ ప్రమాదం ఎక్కువ. అయిదు ఊపిర్ల తేడాతో రోగి సున్నా నుంచి 3కు వెళ్లిపోతాడు. హడావిడిలో అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే, ఒక్క ఊపిరి తప్పినా రెండు తప్పినట్టే.

నెలలు నిండని బిడ్డలకు ఇది మరీ అవసరం. వాళ్ల చర్మం ఎంత పలచనంటే, ఛాతీకి అంటించిన ఈసీజీ పట్టీ తీసేటప్పుడు పైపొర కూడా ఊడి రావచ్చు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి బిడ్డల ఇంక్యుబేటర్‌పై కెమెరా అమర్చి నాడి, ఊపిరి లెక్కగట్టారు. సిస్టర్ చేతులు అడ్డొచ్చినప్పుడు, బిడ్డ బాగా కదిలినప్పుడు మాత్రం లెక్క నిలవదు.

రాత్రి చీకట్లో? కంటికి కనిపించని పరారుణ దీపం వాడతారు. ముఖం నిండా దుప్పటి కప్పుకుంటే నాడి అందదు. బీపీకీ, ఆక్సిజన్‌కూ మాత్రం ఇప్పటికీ చేతి పట్టీనీ, వేలి క్లిప్పునీ నమ్ముకోవాల్సిందే.

చామనఛాయ చర్మం మీద పనిచేస్తుందా? చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి సంకేతం బలహీనపడుతుంది. వెలుగుతోనే పనిచేసే ఆ వేలి క్లిప్పు, అంటే ఆక్సీమీటర్ విషయంలో 2020లో అమెరికాలో తేలింది చూడండి. మీటరు 92 నుంచి 96 చూపిస్తున్నా, రక్తపరీక్షలో ఆక్సిజన్ 88 కంటే తక్కువ తేలిన సందర్భాలు తెల్లవారిలో నూటికి దాదాపు 4, నల్లజాతివారిలో 12. మీ వార్డులో కెమెరా పెడుతున్నామంటే, మనలాంటి చర్మం ఉన్న ఎంతమంది మీద దాన్ని పరీక్షించారో, వీడియోను దాస్తారో లేక అంకెలే ఉంచుకుంటారో సంతకం పెట్టేముందే అడగండి.