చూసి గీయడం తప్పా?



మా మంచేనహళ్ళిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె క్యాలెండరు చూసి సరస్వతి బొమ్మ గీసి తెచ్చింది. "చూసి గీశాను సార్, తప్పా?" అంది. తప్పు కాదు, అదీ ఒక చదువే. ఎలాగో చూద్దాం.

అటువంటి బొమ్మలను ఇంటింటికీ చేర్చిన రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టారు. కాని తైలవర్ణాల విద్య ఆయనకు సులభంగా దొరకలేదు. తిరువాంకూరు ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు నేర్పనన్నారు. 1868లో వచ్చిన థియొడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు, తాను బొమ్మ వేస్తుంటే చూడనిచ్చాడు, అంతే. ఇరవై ఏళ్ళ రవివర్మ చూసి చూసి, చేసి చేసి నేర్చుకున్నారు. డ్రాయింగు మేష్టరు లేని పల్లె పిల్లలకు ఇది ధైర్యం చెప్పే మాట.

అచ్చులో రంగులు మారిపోతాయి. అందుకే వీలైతే మైసూరు జగన్మోహన ప్యాలెస్ చిత్రశాలకు వెళ్ళి రవివర్మ అసలు చిత్రాలను ఒకసారి చూడండి. తరువాత ఒక మంచి అచ్చుప్రతి తీసుకుని ఇంట్లో సాధన చేయండి.

మొదట్లో నేను కళ్ళతోనే మొదలుపెట్టేవాణ్ణి. కళ్ళు కుదిరేవి, ముఖం కుదిరేది కాదు. ముందు అచ్చుప్రతి మీదా, గుడ్డ మీదా సమానమైన గళ్ళు గీసి, తల కొలతలు దించుకోవాలి. తరువాత కళ్ళు సగం మూసి చూస్తే చిన్న వివరాలు పోయి వెలుగునీడలే మిగులుతాయి. వాటిని ఒక్క గోధుమ రంగుతో వేయండి. ముక్కుకు గీత ఉండదు. ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ, అంతే. ఈ సంగతి చెబితే తెలియదు, దించితేనే తెలుస్తుంది.

మొదటి పూత టర్పెంటైను కలిపి పలుచగా వేయాలి. అది ఆరాక, పై పూతల్లో అవిసె నూనె కొంచెం కొంచెంగా పెంచాలి. అడుగు పూతలో నూనె ఎక్కువైతే పైన బీటలు వారుతుంది. తప్పులు తెలియాలంటే బొమ్మను అద్దంలో చూడండి.

ఒక్క నియమం. వెనుక వైపు మూల చిత్రకారుని పేరు, 'నకలు' అనే మాట, మీ పేరు రాయండి. అది దాస్తే చదువు దొంగతనమవుతుంది.

ఆ అమ్మాయికి చివరగా ఒక మాట చెప్పాను: "సరస్వతి అయ్యాక, మీ అవ్వను కిటికీ దగ్గర కూర్చోబెట్టి వేయమ్మా." నకలు నేర్పిన చూపు మన ఇంటి ముఖం మీద నిలిచినప్పుడే ఆ చదువు మనదవుతుంది.