అక్షరం వెంట అక్షరం: డి.ఎన్.ఏ. పరీక్ష మన దాకా ఎలా వచ్చింది?



ఈ మధ్య డాక్టర్లు రాసే చీటీలలో పి.సి.ఆర్., జీన్ టెస్టు, డి.ఎన్.ఏ. పరీక్ష అనే మాటలు తరచుగా కనబడుతున్నాయి. దగ్గు తగ్గనివారికి తెమడ పరీక్షగా, మాటిమాటికీ రక్తం ఎక్కించవలసి వస్తున్న పసిబిడ్డకు తలసీమియా పరీక్షగా ఇవి రాస్తారు. కొందరు ఆ పేరు వినగానే భయపడతారు. మరికొందరు "డి.ఎన్.ఏ. పరీక్ష అంటే బిడ్డకు తండ్రి ఎవరో తేల్చేది కదా, మాకెందుకు రాశారు?" అని నొచ్చుకుంటారు. అందుకే ఈ పరీక్ష ఏమిటో, దాని వెనుక ఎవరి కష్టం ఉన్నదో, మన ఉప్పల్, నాచారం ప్రాంతాలకు దానితో ఉన్న సంబంధం ఏమిటో తెలుసుకుందాం.

నాలుగు అక్షరాల పుస్తకం

మన శరీరం కణాలతో కట్టబడినది. దాదాపు ప్రతి కణంలోనూ డి.ఎన్.ఏ. అనే సన్నని దారం ఉంటుంది. అది నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పుస్తకం వంటిది. ఆ అక్షరాలు ఎ, టి, జి, సి. ఈ పుస్తకం మనకు రెండు ప్రతులుగా వస్తుంది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి.

ఇన్ని కోట్లలో ఒక్క అక్షరం మారినా కొన్నిసార్లు జబ్బు వస్తుంది. సికిల్ సెల్ రక్తహీనత ఇందుకు ఉదాహరణ. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తయారు చేసే జన్యువులో ఒకచోట ఎ ఉండవలసిన స్థానంలో టి ఉంటుంది. రెండు ప్రతులలోనూ అలా ఉంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోతాయి. ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకోవాలంటే డి.ఎన్.ఏ.ను చదవడం రావాలి. చదవాలంటే ముందు దానిని చిన్న చిన్న ముక్కలుగా రాయడం కూడా రావాలి. ఈ రెండు పనులనూ నేర్పినవారిలో ముఖ్యులు రసాయన శాస్త్రవేత్తలే.

తార్నాకలో మొదలైన పని

డి.ఎన్.ఏ.ను ప్రయోగశాలలో కూర్చవచ్చని చూపినవారిలో మన దేశంలో పుట్టిన హరగోబింద్ ఖొరానా గారు అగ్రగణ్యులు. ఆయనకు 1968లో నోబెల్ బహుమతి లభించింది. 1970లో ఆయన బృందం ఒక పూర్తి జన్యువును రసాయనికంగా కూర్చినట్లు ప్రకటించింది. అందులో ఉన్నవి 77 అక్షరాల జతలే. అయినా అది పలువురు శాస్త్రవేత్తలు కొన్ని సంవత్సరాలపాటు చేసిన శ్రమ.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాలయాన్ని నేడు ఐ.ఐ.సి.టి. అంటున్నాము. ఆ ఆవరణలోనే 1977లో సి.సి.ఎం.బి. సంస్థ మొదలైంది. దాని వ్యవస్థాపకులు పుష్ప మిత్ర భార్గవ గారు కూడా రసాయన శాస్త్రంలోనే డాక్టరేటు పొందినవారు. బెంగళూరులో పుట్టి, ఢిల్లీలోనూ కేంబ్రిడ్జిలోనూ పరిశోధన చేసిన కె.ఎన్. గణేశ్ గారు 1981లో ఈ సంస్థలో చేరారు. డి.ఎన్.ఏ.ను రసాయనికంగా తయారు చేసే సదుపాయాన్ని ఆయన ఇక్కడ నెలకొల్పారు. మన దేశంలో అటువంటిది అదే మొదటిది. ఇక్కడే తయారు చేసుకోగలిగితే, కావలసిన ప్రతి చిన్న ముక్క కోసం విదేశాల వైపు చూడవలసిన పని తగ్గుతుంది.

1987లో గణేశ్ గారు పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు వెళ్ళారు. అక్కడ డి.ఎన్.ఏ.ను పోలిన పి.ఎన్.ఏ. అనే కృత్రిమ పదార్థాలపై పనిచేశారు. 1998లో భట్నాగర్ బహుమతి పొందారు. 2006లో పుణె ఐసర్‌కు తొలి డైరెక్టరు అయ్యారు, 2017లో తిరుపతి ఐసర్‌కు డైరెక్టరుగా వచ్చారు. ఆయన హైదరాబాదు విడిచిన 1987లోనే, నవంబరు 26న, ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి. ఆవరణను అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. హబ్సిగూడ మీదుగా మన ఆసుపత్రికి వచ్చేవారు దాని గేటు ముందు నుండే వస్తారు.

యంత్రం ఎలా రాస్తుంది?

1980ల ఆరంభంలో అమెరికాలో మార్విన్ కారూథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సులువైన పద్ధతిని ఇచ్చారు. నేటికీ ఎక్కువగా వాడేది అదే. సన్నని గాజు రేణువులకు మొదటి అక్షరాన్ని అంటిస్తారు. దాని కొసకు ఒక రసాయన మూత ఉంటుంది. ఆమ్లంతో మూత తీసి రెండవ అక్షరాన్ని కలుపుతారు, కడుగుతారు, అతుకును గట్టిపరుస్తారు. మళ్ళీ మూత తీసి మూడవది కలుపుతారు. మూత ఊడిన ప్రతిసారీ ద్రవం నారింజ రంగుకు మారుతుంది. ఆ రంగు చిక్కదనాన్ని బట్టి అంతకు ముందు అక్షరం సరిగా అతికిందో లేదో తెలుస్తుంది.

ఇందులో శుద్ధత ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్క చూడండి. ప్రతి అతుకూ నూటికి 99 వంతులు సరిగా పడుతున్నదనుకుందాం. 20 అక్షరాల ముక్క చేస్తే నూటికి సుమారు 83 మాత్రమే పూర్తి పొడవుకు చేరతాయి. 100 అక్షరాలైతే 37 మాత్రమే. అందుకే రసాయన శాస్త్రవేత్తలు ఒక్కొక్క అడుగునూ మెరుగుపరచడానికి అంత శ్రమపడ్డారు.

యంత్రం ఎలా చదువుతుంది?

చదివే పద్ధతిని 1977లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగర్ గారు చూపారు. సండే స్కూలు పిల్లలందరికీ ఒకే వాక్యం ఇచ్చి నకలు రాయమన్నామనుకోండి. ఒకరు మొదటి అక్షరం దగ్గర, ఒకరు రెండవ అక్షరం దగ్గర, ఇంకొకరు మూడవ దాని దగ్గర ఆగిపోయారు. ఆ కాగితాలను పొడవు వరుసలో పేర్చి చివరి అక్షరాలు మాత్రమే చూసుకుంటూ పోతే వాక్యం మొత్తం తెలిసిపోతుంది. సాంగర్ పద్ధతి ఇదే. మొదట్లో రేడియోధార్మిక పదార్థం వాడి, ఎక్స్‌రే ఫిల్ముపై పడిన గీతలను కంటితో చూసి చదివేవారు. 1986లో అమెరికాలో లెరాయ్ హుడ్ ప్రయోగశాలలో లాయిడ్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన సహచరులు నాలుగు అక్షరాలకు నాలుగు రంగులు అంటించారు. లేజరు కాంతి ఆ రంగులను చూస్తుంది, కంప్యూటరు రాసుకుంటుంది. ఆ యంత్రాల వలననే 1990లో మొదలైన మానవ జన్యు పటం పని 2003లో ముగిసింది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. నకలు ఎక్కడ మొదలుపెట్టాలో చూపడానికి ప్రైమర్ అనే చిన్న ముక్క కావాలి. దానిని రసాయనికంగా తయారు చేయాలి. పి.సి.ఆర్.కు కూడా ప్రైమర్లు లేనిదే పని జరగదు. రాసే పని లేకుండా చదివే పని లేదు.

మన రోగులకు ఇది ఎలా ఉపయోగపడుతుంది?

క్షయ: తెమడను సీబీనాట్ యంత్రంలో పెడితే సుమారు రెండు గంటలలో క్షయ క్రిమి ఉన్నదీ లేనిదీ, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో తెలుస్తుంది. క్రిమిని పెంచి చూసే పాత పద్ధతికి వారాలు పడుతుంది. ప్రభుత్వ క్షయ కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం.

తలసీమియా: భార్యాభర్తలు ఇద్దరూ ఒక్కొక్క లోపపు ప్రతిని మోస్తూ పైకి ఆరోగ్యంగానే ఉండవచ్చు. అటువంటివారికి ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కనుక ఇక రాదని అనుకోరాదు. మేనరికంలో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది.

మత్తు మందు: ఆపరేషనులో వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాలలో దిగిపోతుంది. ఒక ఎంజైము లోపించినవారిలో మాత్రం గంటల తరబడి ఊపిరి కండరాలు కదలవు. వైశ్య కుటుంబాలలో ఈ లోపం ఎక్కువగా కనబడుతుంది. ఇది ఏ కులానికీ మచ్చ కాదు. తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే ఎన్నో వర్గాలలో ఇటువంటి లోపాలు పేరుకుంటాయని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి పరిశోధన తెలిపింది. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషను తరువాత మెలకువ గాని ఊపిరి గాని ఆలస్యంగా వచ్చి ఉంటే మత్తు డాక్టరు గారికి తప్పక చెప్పండి.

ఇక మొదట చెప్పిన అనుమానం. నేరస్థులను, బంధుత్వాలను గుర్తించే డి.ఎన్.ఏ. వేలిముద్ర వేరు, జబ్బును గుర్తించే పరీక్ష వేరు. రెండింటికీ కలిపి ఒకే సంస్థ ఉండడం వలన పేరు ఒకటిగా వినబడుతుంది. సి.డి.ఎఫ్.డి. అనే ఆ సంస్థ ఒకప్పుడు నాచారంలో ఉండేది, తరువాత నాంపల్లికి వెళ్ళింది, ఇప్పుడు ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డులో ఉన్నది. డాక్టరు జబ్బు కోసం రాసిన పరీక్షలో మీ కుటుంబ గౌరవాన్ని ప్రశ్నించేది ఏమీ లేదు.

గుర్తుంచుకోండి

1. పరీక్షకు ముందు అడగండి: ఏ జబ్బు కోసం? ఫలితం వస్తే వైద్యం మారుతుందా? ఇంట్లో ఇంకెవరికి పరీక్ష అవసరం?

2. అక్షరాలను చదవడం వేరు, అర్థం తెలియడం వేరు. కొన్ని మార్పుల అర్థం శాస్త్రానికి ఇంకా తెలియదు. రిపోర్టును మీకు మీరే చదువుకొని భయపడవద్దు, డాక్టరుతో మాట్లాడండి.

3. మేనరికం చేసుకున్నవారు, చేసుకోబోయేవారు, ఒక బిడ్డకు పుట్టుకతో జబ్బు ఉన్నవారు తరువాతి గర్భానికి ముందే సలహా తీసుకోండి.

4. గర్భస్థ శిశువు లింగం తెలుసుకోవడానికి ఏ పరీక్షనైనా వాడడం చట్టరీత్యా నేరం.

5. బిడ్డ జబ్బుకు కోడలిని నిందించవద్దు. తలసీమియా, సికిల్ సెల్ వంటి జబ్బులలో లోపం ఇద్దరి నుండీ వస్తుంది. తెలిసి ఎవరూ ఇచ్చినది కాదు.

పుట్టు గ్రుడ్డివానిని చూచి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగిన సంగతి యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో మనకు తెలుసు. ప్రభువు వానిమీద గాని, వాని కన్నవారిమీద గాని నింద మోపలేదు, వానికి చూపునిచ్చాడు. మన ఇళ్ళలోనూ నింద మాని బిడ్డను సకాలంలో డాక్టరు వద్దకు తీసుకొని వద్దాము. దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యమును, సమాధానమును అనుగ్రహించును గాక.