కెనరీ పాడుతోందంటే ఇల్లు బాగున్నట్టే

అమెరికాలో మన పిల్లలకు ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి ఇంట్లో ఒక అర్జీ మొదలవుతుంది: ‘‘నాన్నా, మనం కూడా ఒక పెట్‌ని తెచ్చుకుందామా?’’ కుక్క అంటే రోజూ బయట తిప్పాలి, ఇండియా వెళ్లినప్పుడల్లా ఎక్కడో వదలాలి. పిల్లి అంటే ఎవరో ఒకరికి ఎలర్జీ. చేపలంటే పిల్లలకు వారానికే విసుగు. చివరికి చాలామంది చూపు పసుపుపచ్చగా మెరిసే కెనరీ పిట్ట మీద పడుతుంది. గుప్పిట్లో పట్టేంత పిట్ట. చిలుకలా గోల చేయదు, కరవదు, పైగా పాడుతుంది. ఇంతకన్నా సులువేముంది అనిపిస్తుంది.

డాలస్ శివార్లలోని మా ఇంట్లో నాలుగేళ్లుగా ఒక మగ కెనరీ ఉంది. దాన్ని పెంచడం నిజంగానే కష్టం కాదు. కానీ మన తెలుగు ఇళ్లలో రోజూ జరిగే కొన్ని పనులు దాని ప్రాణానికే ముప్పు. పెట్ షాపు వాళ్లకు మన వంటిల్లు తెలియదు, మన పూజలు తెలియవు, ఐదు వారాల మన ఇండియా ప్రయాణాలు తెలియవు. అందుకే ఆ సంగతులు మనలో మనం చెప్పుకోవాలి.

ఎక్కడి పిట్ట ఇది?

కెనరీల సొంత ఊరు అట్లాంటిక్ సముద్రంలోని కెనరీ, మదైరా, అజోర్స్ దీవులు. దీవులకు ఆ పేరు పిట్టల వల్ల రాలేదు. లాటిన్‌లో కుక్కకు ఉన్న పేరు నుంచి దీవులకు, దీవుల నుంచి పిట్టకు వచ్చింది. అడవిలో ఉండే కెనరీ ఇంత పసుపు కాదు, ఆకుపచ్చ, గోధుమ రంగులు కలిసిన పిట్ట. స్పెయిన్ వాళ్లు దీన్ని యూరప్‌కు తెచ్చాక దాదాపు ఐదు వందల ఏళ్లుగా మనుషులు పంజరాల్లో పెంచుతూ రంగు కోసం, పాట కోసం, ఆకారం కోసం రకరకాల జాతులను తయారు చేశారు. జర్మనీలోని హార్జ్ కొండల్లో గని కార్మికులు పెంచిన రకం మెత్తని పాటకు పేరు పొందింది.

గనుల్లోకి దీన్ని తీసుకెళ్లిన కథ చాలామంది వినే ఉంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆ విషవాయువును ముందే పసిగట్టడానికి చిన్న పక్షులను వాడమని 1890ల్లో సూచించినవారు జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త. పిట్ట తూలితే కార్మికులు బయటికి పరుగెత్తేవారు. బ్రిటన్‌లో ఈ పద్ధతికి 1986లో స్వస్తి చెప్పి ఎలక్ట్రానిక్ పరికరాలు పెట్టారు.

గాలిలో తేడా పిట్టకే ముందు ఎందుకు తెలుస్తుంది? మనం గాలి పీల్చినప్పుడు లోపలికి, వదిలినప్పుడు బయటికి ఒకే దారిలో పోతుంది. పక్షుల ఒంట్లో గాలి సంచులు ఉంటాయి. వాటివల్ల లోపలికి పీల్చినా బయటికి వదిలినా తాజా గాలి ఊపిరితిత్తుల గుండా ఒకే దిశలో సాగుతూనే ఉంటుంది. ఎగరడానికి కావలసినంత ప్రాణవాయువు అలా అందుతుంది. కానీ గాలిలో విషం ఉంటే అదీ అంతే వేగంగా అందుతుంది. ఇరవై గ్రాముల ఒంటికి అది ఎంతోసేపు ఆగే వ్యవహారం కాదు.

వంటింటితోనే అసలు భయం

మొదటి శత్రువు నాన్‌స్టిక్ పెనం. దాని పూత సుమారు 500 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి వేడెక్కితే వదిలే ఆవిరి పక్షులకు విషం. నిమిషాల్లో ప్రాణం పోతుంది. మనకు మాత్రం వాసన కూడా తెలియకపోవచ్చు. ‘‘అంత వేడి మనం చేయంలే’’ అనుకోకండి. దోసెల కోసం ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద పెట్టి, ఈలోగా ఫోన్ వచ్చిందని పక్కకు వెళ్తే కొద్ది నిమిషాల్లోనే ఆ వేడి దాటిపోతుంది. కొన్ని ఎయిర్ ఫ్రయర్లు, వాఫిల్ మేకర్లు, స్పేస్ హీటర్లలోనూ అదే పూత ఉంటుంది. ఓవెన్‌ను సెల్ఫ్ క్లీన్‌లో పెట్టడమూ ఇంట్లో పక్షి ఉన్నవాళ్లు చేయకూడని పని.

దీనికి పరిష్కారం మన దగ్గరే ఉంది. ఇండియా నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చి గరాజ్‌లో పడేసిన ఇనప పెనాన్ని బయటికి తీయండి. దోసె రుచి పెరుగుతుంది, పిట్ట బతుకుతుంది. కూరలకు స్టీలు గిన్నెలు ఎలాగూ ఉన్నాయి.

రెండోది పొగ. ఎండుమిరపకాయల పోపు ఘాటుకు మనమే దగ్గుతాం, పిట్ట సంగతి చెప్పాలా? అగరబత్తి, సాంబ్రాణి, కర్పూరం, సెంటు కొవ్వొత్తులు, గోడకు తగిలించే ఎయిర్ ఫ్రెష్‌నర్లు, బొద్దింకల మందులు... అన్నీ ఈ జాబితాలోవే. ‘‘పంజరం వేరే గదిలో ఉందిగా’’ అనుకుంటే ఇక్కడి ఇళ్లలో చెల్లదు. సెంట్రల్ ఏసీ ఒక గది గాలిని లాగి ఇంకో గదిలోకి పంపుతుంది. వంటింట్లో మాడింది పై అంతస్తు పడకగదిలోకీ చేరుతుంది. అందుకే వంట చేసేటప్పుడు పొగను ఇంటి బయటికి పంపే ఫ్యాన్ నడవాలి. ఫిల్టర్‌లోంచి లాగి మళ్లీ వంటింట్లోకే వదిలే హుడ్ అయితే కిటికీ తెరవాలి.

మా ఇంట్లో పూజ మానలేదు. రోజూ నూనె దీపం ఒక్కటే, అదీ పంజరానికి దూరంగా. అగరబత్తులు పెరటి తులసి దగ్గర వెలిగిస్తాం. వ్రతం చేసుకున్న రోజు పంజరాన్ని మరో తెలుగు వాళ్ల ఇంటికి పంపుతాం. దేవుడికి లోటు జరిగిందని ఇంతవరకు ఎవరూ అనలేదు.

పంజరం, వెలుగు, నిద్ర

కెనరీ పైకి ఎక్కే పిట్ట కాదు, అటూ ఇటూ ఎగిరే పిట్ట. కాబట్టి గుండ్రంగా, ఎత్తుగా ఉండే అందమైన పంజరం దానికి పనికిరాదు. ఒక్క పిట్టకైనా కనీసం రెండడుగుల పొడవున్న పంజరం కావాలి. ఇంకా పెద్దదైతే మరీ మంచిది. ఊచల మధ్య సందు అర అంగుళం మించకూడదు, మించితే తల ఇరుక్కుంటుంది. కూర్చునే కర్రలన్నీ ఒకే మందంలో ఉంటే కాళ్లకు పుండ్లు పడతాయి. సహజమైన కొమ్మలు రెండు మూడు మందాల్లో పెట్టాలి. అడుగున కాగితం పరిచి రోజూ మార్చాలి. ఈ-పేపర్ చదివే మనకు పాత పేపర్లు ఎక్కడివంటారా? పార్శిల్ డబ్బాల్లో వచ్చే రంగులేని కాగితం చాలు. రోజూ కాసేపు లోతు తక్కువ పళ్లెంలో నీళ్లు పెడితే ఎంత సంబరంగా స్నానం చేస్తుందో చూడాల్సిందే.

ఈ పిట్టకు పగలు ఎంత, రాత్రి ఎంత అన్నదే క్యాలెండర్. పొద్దు పెరిగితే వసంతం వచ్చిందని పాట పెంచుతుంది. వేసవి చివర పాట ఆపి, ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంటుంది. మగ కెనరీ మెదడులో పాటకు సంబంధించిన భాగాలు వసంతంలో పెరిగి, ఆ తర్వాత తగ్గుతాయని, పెద్ద వయసులోనూ కొత్త నాడీకణాలు పుడతాయని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఫెర్నాండో నాటెబామ్ 1980ల్లో చూపించారు. పెద్దయ్యాక మెదడులో కొత్త కణాలు పుట్టవన్న నమ్మకాన్ని కదిలించింది ఈ చిన్న పిట్టే.

మన ఇళ్లలో ఈ క్యాలెండర్ చెడిపోయేది రాత్రిపూట. పదకొండింటికి ఆఫ్‌షోర్ టీమ్‌తో కాల్, లైట్లు వెలుగుతూనే ఉంటాయి. పక్కన టీవీ. ఇలా అయితే పిట్ట అకాలంలో ఈకలు రాల్చి నీరసపడుతుంది. చీకటి పడ్డాక పంజరాన్ని వాడని గదిలోకి మార్చండి, లేదా గాలి ఆడేలా పల్చని గుడ్డ కప్పండి. తెల్లారితే తీయండి.

తిండి: గిన్నె నిండుగా ఉందని నమ్మొద్దు

కెనరీ గింజను ఒలిచి పప్పు తిని, పొట్టును మళ్లీ గిన్నెలోనే పడేస్తుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండుగానే కనిపిస్తుంది. నిజానికి అదంతా పొట్టే. పిల్లలు ‘‘తిండి ఉంది నాన్నా’’ అంటారు, పిట్ట పస్తుంటుంది. ఇంత చిన్న ప్రాణి రెండు రోజులు కూడా ఆకలికి ఆగలేదు. రోజూ పొద్దున్నే పొట్టు ఊది, గింజ కనబడుతోందో లేదో చూసే పని పిల్లలకు అప్పగించండి.

గింజలొక్కటే పెడితే కొవ్వు పెరుగుతుంది, విటమిన్లు అందవు. కెనరీల కోసం చేసిన పెల్లెట్లు, కేల్, బ్రకోలీ, కొత్తిమీర, తురిమిన క్యారెట్, గింజ తీసిన ఆపిల్ ముక్క కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఈకలు రాల్చే కాలంలో ఉడికించిన గుడ్డు కొంచెం పెడితే మంచిది. క్యాల్షియం కోసం పంజరానికి కటిల్‌బోన్ తగిలించాలి. ఆయుర్వేదంలో సముద్రఫేనం అనేది అదే. షాపులో స్ప్రే మిల్లెట్ అని అమ్మేది మన కొర్ర కంకే, ఇష్టంగా తింటుంది. దాన్ని మిఠాయిలా ఎప్పుడో ఒకసారి ఇవ్వాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉప్పు వేసినవి, ఉల్లి, వెల్లుల్లి మాత్రం పెట్టకూడదు. మన వంటల్లో ఏదీ దానికి రుచి చూపించాల్సిన అవసరం లేదు.

మౌనమే మొదటి లక్షణం

పాట మగ కెనరీదే. ఆడది కిచకిచలాడుతుంది, ఎప్పుడో కొద్దిగా పాడుతుంది. చూపులతో ఆడా మగా తెలియదు కాబట్టి కొనే ముందు పాట విని తీసుకోండి. తోడు లేదు పాపం అని రెండు మగవాటిని ఒకే పంజరంలో పెడితే కొట్టుకుంటాయి. కెనరీ ఒంటరిగా సుఖంగా ఉండగలదు. చేత్తో పట్టుకుని ముద్దు చేస్తే మాత్రం బెదురుతుంది. ఇది చూసి, విని సంతోషించాల్సిన పిట్ట అని పిల్లలకు ముందే చెప్పాలి.

అడవిలో జబ్బుపడిన పిట్ట వేటకు దొరుకుతుంది. అందుకే పక్షులు ఓపికున్నంతవరకు జబ్బును దాచిపెడతాయి. ఈకలు ఉబ్బించుకుని కూర్చోవడం, పంజరం అడుగుకు దిగడం, ఊపిరితోపాటు తోక ఊగడం, ముక్కు తెరిచి ఆయాసపడటం, శ్వాసలో టిక్కుటిక్కుమనే చప్పుడు... వీటిలో ఏది కనిపించినా ‘వారాంతంలో చూద్దాం’ అనుకోకూడదు. ఆ టిక్కుమనే చప్పుడు శ్వాసనాళంలో చేరే పురుగుల వల్ల కావచ్చు, దానికి మందుంది. కుక్కలను చూసే డాక్టర్లందరూ పక్షులను చూడరు. పక్షుల డాక్టర్ ఎక్కడున్నారో పిట్టను తెచ్చే ముందే కనుక్కోండి. ఒక్కోసారి బిల్లు పిట్ట ధరను మించుతుంది, అందుకూ సిద్ధపడాలి.

ఇండియా టికెట్ బుక్ చేసే ముందు

నెల రోజులు ఇల్లు తాళం వేసి, ఏసీ ఆపి వెళ్లే అలవాటు మనది. పిట్ట ఉంటే అది కుదరదు. రోజు విడిచి రోజు వచ్చి చూసేవాళ్లు చాలరు, రోజూ చూసేవాళ్లు కావాలి. పంజరంతో సహా తెలిసిన కుటుంబానికి అప్పగించడం మేలు. వాళ్ల వంటింట్లో నాన్‌స్టిక్ ఉందేమో అడగడానికి మొహమాటపడొద్దు. రోజూ చేయాల్సినవి, డాక్టర్ ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసివ్వండి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు లీజులో పక్షుల గురించి ఏం రాశారో ముందే చదువుకోవాలి.

కరెంటు పోయే రోజులకూ ప్లాన్ ఉండాలి. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సస్‌లో లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు అందరూ ఒకే గదిలో చేరి, పంజరానికి మూడువైపులా దుప్పటి కప్పాలి. బొగ్గుల గ్రిల్, జనరేటర్ మాత్రం ఇంట్లోగానీ గరాజ్‌లోగానీ పెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడ్ పిట్టతో ఆగదు, మనుషుల్నీ తీసుకుపోతుంది. పిట్ట ఉంది కదా అని అలారం కొనడం మానొద్దు.

పంజరంలో పెట్టడం పాపం కాదా?

కిందటి ఏడాది గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ఈ మాటే అడిగింది: ‘‘ఏరా, ఎగిరే పిట్టని జైల్లో పెట్టి పాట వింటున్నావా?’’ ఇది తరతరాలుగా పంజరంలోనే పుట్టిన జాతి అనీ, బయట వదిలితే ఈ చలికి, గద్దలకు నాలుగు రోజులు కూడా బతకదనీ చెప్పాను. మన దేశంలో రామచిలుకను పట్టి పంజరంలో పెట్టడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమనీ, అది అడవి పిట్ట కాబట్టి దాని సంగతి వేరనీ అన్నాను. అమ్మ అంతా విని, ‘‘మీరు కొనకపోతే వాళ్లు పుట్టించరుగా’’ అంది.

దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంతలో చెప్పగలిగింది ఇదే. వీలైతే షాపులో కొనకుండా, ఎవరో పెంచలేక పక్షుల సంరక్షణ కేంద్రంలో వదిలినదాన్ని తెచ్చుకోండి. తెచ్చాక మాత్రం దాని ప్రపంచం మొత్తం మన చేతిలో ఉందని మరిచిపోవద్దు. అది పీల్చే గాలి, తినే గింజ, నిద్రపోయే చీకటి అన్నీ మనం ఇచ్చేవే. బాగా చూసుకుంటే కెనరీ పదేళ్లు బతుకుతుంది. అంటే ఇవాళ ఎనిమిదేళ్ల పాప అడిగిందని తెచ్చిన పిట్ట, ఆ పాప కాలేజీకి వెళ్లిన రోజున ఇంకా మన హాల్లోనే ఉండొచ్చు. అప్పుడు పొద్దున్నే లేచి పొట్టు ఊదేది మనమే. ఆ పని చేయడానికి ఇప్పుడే మనసు ఒప్పుకుంటే, పిల్లల అర్జీకి ‘సరే’ అనండి.